ఆదిమ ఉల్కాశిలను చదవడం ఎలా: సెమర్కోనా రాయి ఆధారంగా ఒక పాఠం

1940 అక్టోబరు 26న మధ్యప్రదేశ్‌లోని సెమర్కోనా వద్ద ఆకాశం నుంచి పడి, మనుషుల చేతికి దొరికిన రాయి మొత్తం తూకం 691 గ్రాములు. కిలో బరువైనా తూగని ఈ రాయికి గ్రహశాస్త్రంలో ఉన్న స్థానానికి కారణం, దాని లోపల జరగకుండా ఉండిపోయిన మార్పులే. సాధారణ కాండ్రైట్లు (ఒకప్పుడు కరిగి గట్టిపడిన చిన్న గుండ్రని గింజలతో నిండిన రాళ్లు) అనే అతి పెద్ద ఉల్కాశిలా కుటుంబంలో అన్నిటికంటే తక్కువగా మారిన రాయి ఇదేనని గుర్తించి, శాస్త్రజ్ఞులు దీనిని కొలబద్ద మీద సున్నా గీత దగ్గర నిలబెట్టారు. సూర్యుని చుట్టూ వాయువు, ధూళి పళ్లెంలా తిరుగుతున్న కాలంలో, గ్రహాలు ఇంకా ఏర్పడకముందు, అక్కడ ఏం జరిగిందో చెప్పగల సాక్ష్యం ఇటువంటి రాళ్లలోనే మిగిలింది. భూమి మీద ఉన్న రాళ్లన్నీ అనేకసార్లు కరిగి, మడతపడి, అరిగి, తమ తొలి రూపాన్ని పోగొట్టుకున్నవే.

ఆ సాక్ష్యాన్ని చదివే క్రమాన్ని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. మీ ముందు ఉల్కాశిల ముక్క ఉన్నా, దాని పలుచని ఛేదపు ఛాయాచిత్రం ఉన్నా, దానిపై వెలువడిన పరిశోధన పత్రం ఉన్నా క్రమం ఒక్కటే. పాత కావ్యాన్ని పరిష్కరించే పండితుడు ముందుగా ప్రక్షిప్తాలను, అంటే తరవాతి చేతులు చేర్చిన పద్యాలను, గుర్తించి పక్కన పెడతాడు. ఆ తరవాతనే మూలకర్త శైలి గురించి మాట్లాడతాడు. ఆదిమ ఉల్కాశిలలోనూ మూడు చేతుల రాత ఉంటుంది. రాయి భూమిని చేరాక గాలి, తేమ, మనిషి రాసినది ఒకటి. అంతకుముందు మాతృగ్రహశకలం, అంటే ఈ రాయి విడిపోయి వచ్చిన గ్రహశకలం, లోపల నీరు, వేడి రాసినది రెండవది. అంతకంటే ముందు ఆ తొలి పళ్లెంలో, అంటే సౌర నెబ్యులాలో, రాయబడినది మూడవది. మనకు కావలసింది మూడవదే అయినా, కంటికి ముందుగా కనబడేది మొదటిది. అందువల్ల చివరి రాతను ముందు తొలగిస్తూ వెనక్కి నడవడమే సరైన పద్ధతి. తేదీలను పట్టుకుని నేరుగా సౌరకుటుంబం పుట్టుకకు దూకే పాఠకులు తడబడేది ఇక్కడే.

పేరు పక్కన ఉన్న అక్షరాలు, అంకెలు

ఉల్కాశిలల అంతర్జాతీయ సంఘం నిర్వహించే జాబితాలో ప్రతి రాయికీ పేరు, పడిన చోటు, బరువు, వర్గం నమోదై ఉంటాయి. సెమర్కోనా పేరు పక్కన 'ఎల్.ఎల్.3.00' అని కనబడుతుంది. అక్షరాలు రసాయన వర్గాన్ని చెబుతాయి: ఎల్.ఎల్. అంటే మొత్తం ఇనుమూ తక్కువే, అందులో లోహరూపంలో ఉన్నదీ తక్కువే అని అర్థం. కార్బన్‌యుత కాండ్రైట్లకు 'సి' అక్షరం ముందుండి, రెండవ అక్షరం ఆ వర్గానికి నమూనాగా నిలిచిన రాయి పేరును సూచిస్తుంది, సి.ఐ. అంటే టాంజానియాలో పడిన ఇవూనా వర్గం, సి.వి. అంటే ఇటలీలో పడిన విగరానో వర్గం.

అంకె దగ్గర మాత్రం ఆగి ఆలోచించాలి. 1967లో వాన్ ష్మస్, వుడ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ప్రతిపాదించిన ఈ కొలబద్దలో 1 అతి ఆదిమమైనది, 6 అతిగా మారినది అని కొత్తవారు అనుకుంటారు. అది తప్పు. అతి తక్కువగా మారినది 3. అక్కడి నుంచి 2, 1 వైపు వెళ్లేకొద్దీ నీటి ప్రభావం పెరుగుతుంది. 4, 5, 6 వైపు వెళ్లేకొద్దీ వేడి ప్రభావం పెరుగుతుంది. మూడవ తరగతిలోని రాళ్లలో కూడా తేడాలు చాలా ఉండడంతో, వేడిచేసినప్పుడు అవి వెలువరించే మందకాంతి ఆధారంగా 1980లో 3.0 నుంచి 3.9 వరకు ఉపతరగతులు చేశారు. తరవాత 2005లో గ్రాస్‌మన్, బ్రెయర్లీ అనే పరిశోధకులు ఆలివిన్ అనే, ఇనుము, మెగ్నీషియం గల ఖనిజంలోని క్రోమియం పంపకాన్ని బట్టి ఇంకొక దశాంశ స్థానం చేర్చారు. సెమర్కోనా 3.00 అయింది ఆ విధంగానే. మన దేశంలోనే పడిన బిషున్‌పూర్, చైన్‌పూర్ రాళ్లు కూడా ఈ మూడవ తరగతి సాహిత్యంలో తరచుగా కనబడతాయి.

మొత్తం రసాయన కూర్పును చదవడానికి మాత్రం సెమర్కోనా కంటే సి.ఐ. వర్గపు రాయి మేలైనది. 1864 మే 14న ఫ్రాన్స్‌లో పడిన ఓర్గెయ్ రాయిని విశ్లేషించి, అందులోని మూలకాల నిష్పత్తులను సూర్యుని కాంతివర్ణపటం ఇచ్చే నిష్పత్తులతో పక్కపక్కన పెడితే, హైడ్రోజన్, హీలియం, కార్బన్, నైట్రోజన్, ఆక్సిజన్ వంటి సులభంగా ఆవిరయ్యేవాటిని మినహాయించి, మిగిలినవి ఆశ్చర్యకరంగా సరిపోతాయి. సరిపోని లోహాలలో ముఖ్యమైనది లిథియం. అది రాయిలో ఎక్కువ, సూర్యునిలో చాలా తక్కువ, ఎందుకంటే సూర్యుడు తన లోపలి వేడిలో దానిని క్రమంగా ధ్వంసం చేసుకున్నాడు. అంటే తొలి పదార్థపు లిథియం లెక్కకు సూర్యుని కంటే ఈ రాయే నమ్మదగిన ఆధారం.

మొదటి పొర: భూమి చేసిన రాత

జాబితాలో 'పడుతుండగా చూసినది' అని ఉన్నదా, 'తరవాత దొరికినది' అని ఉన్నదా ముందు చూసుకోవాలి. ఎడారిలో వేల సంవత్సరాలు పడి ఉన్న రాయిలో లోహపు రేణువుల చుట్టూ తుప్పు వలయాలు, పగుళ్లలో సున్నపు పొరలు ఉంటాయి. వాటిని అంతరిక్షపు నీటికి గుర్తులుగా చదవకూడదు. రాయి పైభాగాన్ని కప్పి ఉండే నల్లటి కరిగిన పొర మందం సాధారణంగా ఒక మిల్లీమీటరుకు మించదు. వాతావరణంలో రాయి మండే సమయం కొన్ని సెకన్లే కాబట్టి, ఆ పొర కింద ఉన్న పదార్థానికి వేడి తగలదు. నమూనాను ఎప్పుడూ పొరకు దూరంగా, లోపలి నుంచే తీసుకోవాలి.

ఓర్గెయ్ రాయి చరిత్ర ఈ విషయంలో రెండు పాఠాలు చెబుతుంది, రెండూ మరచిపోకూడనివే. 1960లలో, పడిన ఏడాది నుంచీ సీసాలో మూసి ఉంచిన దాని ముక్క ఒకటి పరీక్షకు వచ్చింది. అందులో ఒక మొక్క గింజ, బొగ్గు తునకలు కనబడ్డాయి. జాగ్రత్తగా చూస్తే జిగురు కూడా కనబడింది: ఎవరో రాయిని తడిపి మెత్తబరిచి, గింజను లోపలికి నొక్కి, పైన జిగురుతో కరిగిన పొర వంటిది తయారుచేశారు. 1864లో ఫ్రాన్స్ అంతటా, జీవం దానంతట అదే పుడుతుందా లేదా అన్న పాశ్చర్ కాలపు వివాదం వేడిగా నడుస్తోంది. ఆ సందర్భంలో ఎవరో ఆడిన పరిహాసం కావచ్చు, ఆడినవాడు దాని ఫలితాన్ని చూడకుండానే పోయి ఉంటాడు. రెండవ పాఠం ఇంకా సూక్ష్మమైనది. అదే రాయిలో తెల్లటి సల్ఫేటు ఈనెలు ఉన్నాయి. గ్రహశకలం లోపల ఉప్పునీరు పారిందనడానికి అవి సాక్ష్యమని దశాబ్దాలపాటు పుస్తకాలు రాశాయి. 2001లో గునెల్, జోలెన్‌స్కీ అనే పరిశోధకులు పాత వర్ణనలను వెదికి, రాయి పడిన కొత్తలో చూసినవారెవరూ ఆ ఈనెలను ప్రస్తావించలేదని, అవి మ్యూజియంలోని గాలి తేమకు తరవాత పుట్టినవని చూపించారు. జపాన్ అంతరిక్ష నౌక హయబుసా-2 ర్యూగు గ్రహశకలం నుంచి 5.4 గ్రాముల పదార్థాన్ని గాలి సోకకుండా 2020 డిసెంబరు 6న భూమికి చేర్చినప్పుడు, దాని రసాయన కూర్పు ఓర్గెయ్ వర్గానికి సరిపోయింది, కాని ఆ సల్ఫేటు ఈనెలు అందులో లేవు.

నమూనా మీ చేతికే వస్తే పాటించవలసినవి కొన్ని ఉన్నాయి. రాయిని కడగకూడదు, కార్బన్‌యుత రాళ్లలో నీటిలో కరిగే లవణాలు, సేంద్రియ పదార్థాలు ఉంటాయి. వట్టి చేత్తో పట్టుకోకుండా శుభ్రమైన అల్యూమినియం రేకులో చుట్టి, పొడిగా ఉంచాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ఇది ఉల్కాశిలా కాదా అని తేల్చుకోవడానికి అయస్కాంతం అంటించకూడదు. వ్యాపారులు, సేకరణకర్తలు ఈ పరీక్షను అలవాటుగా చేస్తారు; ఆ ఒక్క స్పర్శతో రాయిలో 450 కోట్ల సంవత్సరాలుగా నిలిచిన అయస్కాంత స్మృతి చెరిగిపోవచ్చు. దాని విలువ ఏమిటో కింద చెబుతాను. మన దేశంలో పడిన రాళ్ల సంరక్షణ బాధ్యత భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థది కనుక, పొలంలో నల్లటి కొత్త రాయి పడితే స్థానిక అధికారులకు చెప్పి, వాన పడేలోగా దానిని భద్రపరచడం మంచిది. 2017 జూన్ 6న జైపూర్ దగ్గరి ముకుంద్‌పురాలో పడిన కార్బన్‌యుత సి.ఎం. వర్గపు రాయి, 2021 ఫిబ్రవరి 28న ఇంగ్లండులోని వించ్‌కూంబ్‌లో ఒక ఇంటి ముందు పడిన రాయి త్వరగా చేతికి అందినందువల్లనే అంత ఉపయోగపడ్డాయి.

రెండవ పొర: మాతృగ్రహశకలంలో వేడి, నీరు

ఈ పొరను పరీక్షించడానికి రాయిని 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసి గాజుపలక మీద అతికించిన ఛేదం, దాని మీద ఎలక్ట్రాన్ పుంజంతో ఖనిజాల కూర్పును కొలిచే యంత్రం కావాలి. అడగవలసిన ప్రశ్న సులువైనదే: వేర్వేరు ఆలివిన్ గింజలలో ఇనుము ఎంత ఉంది? అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునని మన ఇళ్లలో అంటారు. ఆరవ తరగతి ఉల్కాశిలకు ఈ మాట అక్షరాలా వర్తిస్తుంది, ఎందుకంటే సుమారు 800 డిగ్రీలకు పైబడిన వేడిలో ఎన్నో లక్షల ఏళ్లు ఉన్నందువల్ల ఇనుము, మెగ్నీషియం గింజ నుంచి గింజకు వ్యాపించి, అన్ని ఆలివిన్లూ ఒకే కూర్పుకు వచ్చేశాయి. సెమర్కోనాలో మాత్రం ఒక మెతుకు పట్టి చూసి కుండ సంగతి చెప్పలేము. పక్కపక్కనే ఉన్న రెండు గింజలలో ఒకదానిలో ఇనుము దాదాపు లేకుండానూ, రెండవదానిలో పుష్కలంగానూ ఉంటుంది. ఒకే గింజ నడిమి భాగానికీ అంచుకూ పొంతన ఉండదు. ఆ పొంతన లేకపోవడమే దాని ఆదిమత్వానికి రుజువు: గింజలు వేర్వేరు చోట్ల పుట్టి, ఇక్కడికి వచ్చి చేరాయి, చేరిన తరవాత ఉడకలేదు.

నీటి గుర్తులను విడిగా చూడాలి. బంకమట్టి వంటి ఖనిజాలు, మల్లెమొగ్గల గుత్తుల్లా గుమిగూడిన మాగ్నటైట్ గుళికలు, కార్బొనేట్లు కనబడితే గ్రహశకలం లోపల మంచు కరిగి ప్రవహించిందని అర్థం. ఓర్గెయ్‌లో తొలి ఖనిజాలు దాదాపు అన్నీ ఈ విధంగా మారిపోయాయి. అందువల్ల రసాయన కూర్పులో అది అతి ఆదిమమైనదే అయినా, ఖనిజ రూపంలో అతిగా మారిన వాటిలో ఒకటి. ఈ రెండు అర్థాలూ కలిసిపోవడం వల్ల 'ఆదిమ' అన్న మాట పత్రాలలో గందరగోళం సృష్టిస్తుంది. రచయిత ఏ అర్థంలో వాడుతున్నాడో ప్రతిసారీ అడగాలి. సెమర్కోనా కూడా పూర్తిగా నిష్కళంకం కాదు. దాని గింజల మధ్యనున్న మెత్తటి నల్లని పొడిలో కొంత భాగం నీటి వల్ల మట్టి ఖనిజాలుగా మారింది.

మూడవ పొర: కరిగిన బిందువులు

ఇప్పుడు భూతద్దం చేతిలోకి తీసుకోవచ్చు. మెరుగుపెట్టిన సెమర్కోనా ముక్క మన పాత ఇళ్ల మొజాయిక్ గచ్చులా కనబడుతుంది: బొంబాయి రవ్వ పలుకు నుంచి ఆవగింజ దాకా పరిమాణం గల గుండ్రని గింజలు ఒకదానినొకటి ఒరుసుకుంటూ, మధ్యలో నల్లటి పొడి. ఈ గింజలే కాండ్రూళ్లు. సాధారణ కాండ్రైట్లలో అధిక భాగం ఇవే. 1877లోనే హెన్రీ క్లిఫ్టన్ సార్బీ అనే ఆంగ్లేయుడు సూక్ష్మదర్శినిలో వీటిని చూసి, ఇవి నిప్పులవానలా కురిసిన ద్రవబిందువులు అయి ఉండాలని ఊహించాడు. ఆ ఊహ నిలిచింది.

ధ్రువితకాంతిలో, అంటే ఒకే దిశలో కంపించే కాంతిలో, చూసినప్పుడు వాటి లోపలి అల్లికను గమనించండి. కొన్నిటిలో పెద్ద ఆలివిన్ స్ఫటికాలు గాజులో పొదిగినట్టు ఉంటాయి. ఈ బిందువులు పూర్తిగా కరగకముందే చల్లబడడం మొదలైంది, మిగిలిపోయిన పలుకులే స్ఫటికాలకు బీజాలయ్యాయి. కొన్నిటిలో సమాంతరమైన కడ్డీలు వరసగా ఉంటాయి. ఇవి దాదాపు పూర్తిగా కరిగినవి. కొన్నిటిలో పైరాక్సిన్ ఖనిజం అంచున ఒక బిందువు నుంచి విసనకర్రలా విచ్చుకుంటుంది. ఇక్కడ బీజాలేవీ మిగలలేదు. ప్రయోగశాలలో ఇటువంటి అల్లికలను తిరిగి సృష్టించడానికి 1,500 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూ, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ వేడి, గంటకు పది నుంచి వెయ్యి డిగ్రీల వరకు చల్లబడే వేగం అవసరమయ్యాయి. వేడి క్షణకాలం, చల్లబడడం గంటల నుంచి రోజుల వరకు. అంటే ధూళి మొత్తం సూర్యుని పక్కన నెమ్మదిగా కాగలేదు. చల్లని ప్రదేశంలో ఏదో అకస్మాత్తుగా తాకి వెళ్లింది. ఆ తాకినది ఆఘాత తరంగమా, మెరుపా, గ్రహబీజాలు ఒకదానితో ఒకటి ఢీకొన్నప్పుడు చిమ్మిన తుంపరలా అన్నది ఈ శాస్త్రంలో పాత వివాదం. నా దృష్టిలో, ఏదో ఒక్క కారణం అన్ని కాండ్రూళ్లకూ సరిపోవాలని పట్టుబట్టడమే ఆ వివాదాన్ని సాగదీస్తోంది.

అయస్కాంతం అంటించవద్దని చెప్పిన మాటకు కారణం ఇక్కడ తెలుస్తుంది. సెమర్కోనాలోని కొన్ని కాండ్రూళ్లలో ఆలివిన్ లోపల అతి సన్నని ఇనుప రేణువులు ఉన్నాయి. కాండ్రూల్ చల్లబడిన సమయంలో చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రాన్ని ఆ రేణువులు పట్టి ఉంచాయి. 2014లో ప్రచురితమైన కొలతల ప్రకారం ఆ క్షేత్రం సుమారు 54 మైక్రోటెస్లాలు, అటూ ఇటూ 21 తేడాతో. నేడు భూమి ఉపరితలం మీద ఉన్న క్షేత్రం 25 నుంచి 65 వరకు ఉంటుంది. ప్రతి కాండ్రూల్‌లోనూ అయస్కాంత దిశ వేరుగా ఉండడమే ఆ స్మృతి కాండ్రూళ్లు రాయిగా చేరకముందరిదని చెప్పే పరీక్ష. అంత బలమైన క్షేత్రం పళ్లెంలోని వాయువును సూర్యుని వైపు లాగడానికి తగినది కావడంతో, నెబ్యులా కొన్ని పదుల లక్షల సంవత్సరాలలో ఎలా ఖాళీ అవుతుందన్న ప్రశ్నకు 691 గ్రాముల రాయి నుంచి ఒక అంకె దొరికింది.

గడియారాన్ని చదవడం

గింజల మధ్య అక్కడక్కడ తెల్లటి, అంచులు సరిగా లేని ముద్దలు కనబడవచ్చు. సెమర్కోనాలో ఇవి అరుదు. వీటిని చూడాలంటే 1969 ఫిబ్రవరి 8న మెక్సికోలోని చివావా రాష్ట్రంలో పడి, రెండు టన్నులకు పైగా దొరికిన అయెండే రాయి తగినది. చంద్రశిలల కోసం సిద్ధం చేసుకున్న ప్రయోగశాలలకు, ఆ శిలలు రావడానికి కొన్ని నెలల ముందే, ఆకాశం ఈ రాయిని పంపింది. కాల్షియం, అల్యూమినియం అధికంగా ఉన్న ఈ తెల్లని ముద్దలలో మెలిలైట్, స్పినెల్, హైబొనైట్ వంటి ఖనిజాలు ఉంటాయి. వేడి వాయువు చల్లబడేటప్పుడు, 1,300 డిగ్రీల పరిసరాలలోనూ ఆ పైనా ముందుగా ఘనీభవించేవి ఇవే. సౌరకుటుంబంలో తేదీ నిర్ణయించగలిగిన అతి పాత ఘనపదార్థం ఇదే కాబట్టి కాలగణన ఇక్కడి నుంచే మొదలవుతుంది.

దీనికి రెండు గడియారాలు ఉన్నాయి. యురేనియం సీసంగా మారే గడియారం నిజమైన తేదీని ఇస్తుంది: 2012లో ప్రచురితమైన కొలతలు తెల్లని ముద్దల వయసును 456.73 కోట్ల సంవత్సరాలుగా, 1.6 లక్షల సంవత్సరాల అనిశ్చితితో చెప్పాయి. 2010 నాటి మరొక కొలత 456.82 కోట్లు. ఈ తొమ్మిది లక్షల తేడా మీద చర్చ ముగియలేదు. పాత పత్రాలు చదివేటప్పుడు ఒక మెలకువ: యురేనియం రెండు ఐసోటోపుల (ఒకే మూలకానికి చెందిన, బరువులో తేడా గల పరమాణువుల) నిష్పత్తి అన్ని రాళ్లలోనూ 137.88 అని 2010కి ముందు అందరూ అనుకున్నారు. తెల్లని ముద్దలలో అది మారుతుందని ఆ ఏడాది తేలింది. కాబట్టి నిష్పత్తిని కొలవకుండా ఇచ్చిన పాత సీసపు వయసులను యథాతథంగా తీసుకోకూడదు.

రెండవ గడియారం అల్యూమినియం-26 అనే రేడియోధార్మిక ఐసోటోపు. దాని అర్ధాయువు, అంటే ఉన్నదానిలో సగం క్షయించడానికి పట్టే కాలం, 7.17 లక్షల సంవత్సరాలే కాబట్టి అది ఎప్పుడో అంతరించిపోయింది. మిగిలింది దాని సంతానమైన మెగ్నీషియం-26 మాత్రమే. 1976లో వాసర్‌బర్గ్ బృందం అయెండే ముద్దలలో దీనిని నిస్సందేహంగా చూపించింది. కొలిచే విధానం ఇది: ఒకే ముద్దలోని వేర్వేరు ఖనిజాలలో, అంటే అల్యూమినియం తక్కువ ఉన్నవాటి నుంచి ఎక్కువ ఉన్నవాటి వరకు, మెగ్నీషియం-26 ఎంత అదనంగా ఉందో కొలిచి, అల్యూమినియం పెరిగేకొద్దీ ఆ అదనం అదే నిష్పత్తిలో పెరుగుతోందా అని గ్రాఫు గీస్తారు. బిందువులు ఒకే సరళరేఖ మీద కూర్చుంటే, ఆ రేఖ వాలు, ఖనిజాలు ఏర్పడిన క్షణంలో అల్యూమినియం-26 ఎంత సజీవంగా ఉందో చెబుతుంది. కూర్చోకపోతే రాయి తరవాత వేడెక్కి గడియారం చెదిరిందని గ్రహించి, ఆ నమూనాను పక్కన పెట్టాలి.

లెక్క మీరే చేయవచ్చు. తెల్లని ముద్దలు ఏర్పడినప్పుడు ప్రతి లక్ష సాధారణ అల్యూమినియం పరమాణువులకు 5.2 అల్యూమినియం-26 పరమాణువులు ఉన్నాయి. ఒక కాండ్రూల్‌లో కొలిస్తే లక్షకు 0.65 వచ్చిందనుకుందాం. 5.2ను సగం చేస్తే 2.6, మళ్లీ సగం 1.3, మళ్లీ సగం 0.65, మూడు అర్ధాయువులు గడిచాయి, అంటే సుమారు 21.5 లక్షల సంవత్సరాలు. ఇది ఊహించిన ఉదాహరణే అయినా నిజానికి దూరం కాదు: సెమర్కోనాలో దొరికిన ఒక ముక్కకు 1989లో లభించిన విలువ లక్షకు 0.77, అంటే తెల్లని ముద్దల తరవాత దాదాపు 20 లక్షల సంవత్సరాలు. అయితే అల్యూమినియం-26 పళ్లెమంతటా సమంగా పరచుకుని ఉందన్న భావన మీద ఈ లెక్క ఆధారపడిందని మరచిపోరాదు.

ఈ 20 లక్షల అంకె నుంచి రెండవ పొరలో చూసినదానికి కారణం దొరుకుతుంది. గ్రహశకలాలను లోపలి నుంచి వేడిచేసినది అల్యూమినియం-26 క్షయమే. తొందరగా, అంటే మొదటి పది పదిహేను లక్షల సంవత్సరాలలో, చేరిన గ్రహశకలాలకు ఇంధనం నిండుగా ఉండడంతో అవి పూర్తిగా కరిగి, ఇనుము నడిమికి దిగిపోయింది. ఇనుప ఉల్కాశిలలు వాటి నుంచి వచ్చినవే. సెమర్కోనా మాతృశకలం ఆలస్యంగా, ఇంధనంలో ఎక్కువ భాగం ఆరిపోయాక చేరింది. దాని పై పొరల్లో ఉన్నందువల్ల మన రాయి ఉడకకుండా మిగిలింది. కరిగిపోయిన శకలాలు ముందు పుట్టాయి, కరగని 'ఆదిమ' శకలాలు తరవాత పుట్టాయి. 'ఆదిమ' అన్న విశేషణం వయసును కాక, మార్పు లేకపోవడాన్ని చెబుతుందనడానికి ఇంతకంటే మంచి నిదర్శనం నాకు తెలియదు.

కరిగిన రాళ్లలోనూ ఈ గడియారం చదవడంలో మన దేశానికి భాగం ఉంది. 1996లో రాజస్థాన్‌లో పడిన పిప్లియా కలాన్ ఉల్కాశిలలో అల్యూమినియం-26 జాడను అహ్మదాబాద్‌లోని భౌతిక పరిశోధనాలయ శాస్త్రజ్ఞులు 1999లో ప్రకటించారు.

పుట్టిన చోటు: ఆక్సిజన్ చెప్పేది

కాలం తెలిసినా చోటు తెలియదు. దానికి ఆక్సిజన్ మూడు ఐసోటోపులను గ్రాఫు మీద చదవాలి. అడ్డంగా ఆక్సిజన్-18, నిలువుగా ఆక్సిజన్-17 మార్పులు గీస్తే, భూమి మీద నీరు, రాయి, గాలి ఏవైనా సుమారు 0.52 వాలు గల ఒకే రేఖ మీద పడతాయి. 1973లో రాబర్ట్ క్లేటన్ బృందం అయెండే తెల్లని ముద్దలను కొలిస్తే అవి ఆ రేఖను విడిచి, దాదాపు 1 వాలుతో కిందికి జారాయి. వాటిలో ఆక్సిజన్-16 అధికంగా ఉంది. సూర్యుని అతినీలలోహిత కిరణాలు కార్బన్ మోనాక్సైడ్ అణువులను ఐసోటోపును బట్టి వేర్వేరుగా విడగొట్టడం దీనికి కారణమని నేడు ఎక్కువమంది భావిస్తున్నారు. సౌరపవనాన్ని పట్టి తెచ్చిన జెనిసిస్ నౌక 2004 సెప్టెంబరు 8న యూటా ఎడారిలో నేలకు గుద్దుకుని పగిలినా, దాని పలకల నుంచి 2011లో వచ్చిన ఫలితం సూర్యుడు తెల్లని ముద్దలకు దగ్గరగా ఉన్నాడని చూపింది. వింతగా ఉన్నవి ముద్దలు కావు, భూమే.

క్రోమియం, టైటానియం ఐసోటోపులతో గీసిన ఇటువంటి గ్రాఫులో ఉల్కాశిలలన్నీ రెండు గుంపులుగా విడిపోతాయని 2011లో గుర్తించారు. సెమర్కోనా ఒక గుంపులో, అయెండే, ఓర్గెయ్ మరొక గుంపులో ఉంటాయి. త్వరగా పెరిగిన గురుగ్రహం లోపలి ధూళికీ బయటి ధూళికీ మధ్య గట్టులా నిలిచిందన్నది ప్రసిద్ధ వివరణ. ఆకర్షణీయమైనదే, కాని గుంపులు ఉన్నాయన్నది కొలత, గట్టు గురుగ్రహమే అన్నది వ్యాఖ్య. రెండిటినీ ఒకే వాక్యంలో కలిపి రాసుకోకండి.

అన్నిటికంటే వెనుక

చివరికి మిగిలేది నల్లటి పొడి. 1987లో ఎడ్వర్డ్ ఆండర్స్ బృందం అనుసరించిన మార్గం గడ్డివామును తగలబెట్టి సూదిని వెదకడం వంటిది: రాయిని బలమైన ఆమ్లాలలో కరిగించగా, కరగకుండా సూక్ష్మ వజ్రాలు, సిలికాన్ కార్బైడ్ రేణువులు మిగిలాయి. సౌరకుటుంబంలో కార్బన్-12, కార్బన్-13 నిష్పత్తి దాదాపు 89. ఈ రేణువులలో అనేకం దానికి చాలా దూరంగా ఉండడంతో అవి ఇక్కడ పుట్టలేదని తేలుతుంది. వృద్ధాప్యంలో ఉబ్బిన నక్షత్రాల గాలిలో ఎక్కువ రేణువులు పుట్టాయి. కాల్షియం-44 అధికంగా ఉన్న కొన్నిటి సంగతి వేరు: అది సుమారు 60 సంవత్సరాల అర్ధాయువు గల టైటానియం-44 నుంచి వచ్చినది, కాబట్టి నక్షత్ర విస్ఫోటనం జరిగిన కొద్ది కాలంలోనే ఆ రేణువు గట్టిపడి ఉండాలి.

ఈ రేణువులు వేడికి నశిస్తాయి; సెమర్కోనా వంటి 3.00 రాళ్లలో ఉండి, 4వ తరగతికి చేరేసరికి దాదాపు కనుమరుగవుతాయి. అందువల్ల ఇవి దొరకడం, దొరకకపోవడం రెండవ పొర గురించి మీరు చేసిన నిర్ణయానికి సరిచూపు కూడా. వీటి వయసు మాత్రం సీసంతో తేలేది కాదు. రేణువు నక్షత్రాల మధ్య తిరుగుతున్నప్పుడు కాస్మిక్ కిరణాలు తగిలి అందులో ఏర్పడిన నియాన్-21ను కొలిచి, ఎంతకాలం తిరిగిందో అంచనా వేస్తారు. 1969 సెప్టెంబరు 28న ఆస్ట్రేలియాలో పడిన మర్చిసన్ రాయి నుంచి తీసిన 40 రేణువుల మీద ఈ విధంగా చేసిన అధ్యయనం 2020లో వెలువడింది. వాటిలో ఎక్కువ భాగం సౌరకుటుంబానికి 30 కోట్ల సంవత్సరాల లోపు మాత్రమే పెద్దవి కాగా, కొన్ని 100 కోట్లకు మించి, ఒకటి రెండు 300 కోట్ల దాకా పెద్దవని తేలింది. ఈ గడియారం కొలిచేది రేణువు ఒంటరిగా కిరణాలకు గురైన కాలాన్నే కనుక, పత్రంలో 'వయసు' అని రాసి ఉన్న చోట దానిని 'సూర్యుడు పుట్టేదాకా అది చేసిన ప్రయాణ కాలం' అని చదువుకోవాలి.